గోత్రం ఒకటే, ఇంటిపేర్లు వేరు: ఒక విడిభాగం చరిత్ర

రాయ్‌పూర్ రోడ్ల మీద ‘సీజీ 04’ నంబరుతో ఇప్పటికీ తిరుగుతున్న పాత కరిజ్మాలకు ఒక సామాన్యమైన కష్టం ఉంది. ఇంజను చల్లబడిపోలేదు, చట్రం వంగిపోలేదు, యజమానికి బండి మీద మోజు తీరలేదు. ఏదో ఒక చిన్న సామాను మాత్రం దొరకదు. ఒకసారి క్లచ్ ప్లేటు, ఒకసారి ఆయిల్ సీలు, మరోసారి మీటరు కేబులు. దుకాణదారు తెర మీద నంబరు కొట్టి చూసి, ఆ మోడల్ ఆగిపోయిందని ఒక్క మాటతో తేల్చేస్తాడు. అప్పుడు యజమానీ మెకానిక్కూ కలిసి వేసుకునే ప్రశ్న ఒకటే. వేరే బండిది ఇందులో సరిపోతుందా?

ఈ ప్రశ్నను పేదవాడి పొదుపుగానో, మెకానిక్కు చేతివాటంగానో చూడటం, ‘జుగాడ్’ అని పేరు పెట్టి ముచ్చటపడటం మన చదువుకున్న వర్గాలకు అలవాటైపోయింది. ఆ ముచ్చటలో అసలు విషయం మరుగున పడుతుంది. ఒక బండి సామాను మరో బండిలో సరిపోవటం యాదృచ్ఛికం కాదు. దాని వెనుక ప్రభుత్వాలు ఇచ్చిన లైసెన్సులు, కంపెనీలు కుదుర్చుకున్న పొత్తులు, ఆ పొత్తులు తెగిన తేదీలు, కొలతలకు ఏర్పడిన ప్రమాణాలు ఉన్నాయి. సరిపోతుందన్న సంగతి ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకూడదు అన్నది కూడా అధికారానికి సంబంధించిన ప్రశ్నే.

ఈ చరిత్ర మొదలైంది మోటారు సైకిళ్లతో కాదు, తుపాకులతో. 1785లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్, ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడి కార్ఖానాకు వెళ్లాడు. మస్కెట్ తుపాకీ పేల్చే యంత్రాంగాన్ని బ్లాంక్ విడి ముక్కలుగా ఇచ్చాడు. జెఫర్సన్ చేతికందిన ముక్కలను ఏరుకుని స్వయంగా బిగించి చూశాడు. అన్నీ అతికాయి. ఆ సంగతిని ఆయన ఆ ఏడాది ఆగస్టు 30న జాన్ జేకు ఉత్తరంలో రాశాడు. ఆయన ఆసక్తి పనితనం మీద కాదు, యుద్ధం మీద. రణరంగంలో ఒక తుపాకీ విరిగితే మరొక విరిగిన తుపాకీ ముక్కతో దాన్ని బాగు చేసుకోవచ్చు. ఎలీ విట్నీ అమెరికా ప్రభుత్వానికి ఇదే వాగ్దానం చేసి 1798లో కాంట్రాక్టు సంపాదించాడు గానీ, ఆయన తుపాకుల ముక్కలు నిజంగా ఒకదానికొకటి అతికేవి కావని తరువాతి చరిత్రకారులు తేల్చారు. ఆ పనిని సాధించినవాడు జాన్ హాల్. హార్పర్స్ ఫెర్రీలోని సర్కారు ఆయుధాగారంలో, ప్రజాధనంతో, 1820లలో సాధించాడు. విడిభాగం పుట్టినిల్లు మార్కెట్టు కాదు, ఖజానా. అది మెట్టినిల్లుగా మార్కెట్టును చేరింది తరువాతి కాలంలోనే.

స్వతంత్ర భారతదేశంలోనూ విడిభాగం కథ ఖజానా గుమ్మం నుంచే మొదలవుతుంది. విదేశీ ముక్కలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలు ఇక్కడే తయారు చేసే ప్రణాళిక చూపాలని 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు చేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మరుసటి ఏడాది దేశం విడిచాయి. మిగిలిన రంగంలో తలా ఒక దేశంతో ఒప్పందం చేసుకున్నారు. 1955లో మద్రాసుకు బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ వచ్చింది. తరువాత మైసూరుకు చెకోస్లొవేకియా జావా, ఫరీదాబాద్ ఎస్కార్ట్స్‌కు పోలండ్ నమూనా మీద రాజ్‌దూత్, పుణేకు ఇటలీ వెస్పా వచ్చాయి. హైదరాబాద్‌లో ఆల్విన్ తయారు చేసిన పుష్పక్ స్కూటరు కూడా ఇటలీ లాంబ్రెటా మూసలోదే.

ఆ యుగంలో ఒక కంపెనీ సామాను మరో కంపెనీ బండికి సరిపోయే ప్రసక్తి చాలా తక్కువ. బులెట్ మరలు బ్రిటిష్ అంగుళాల లెక్కలోవి. జావా, రాజ్‌దూత్ మరలు మిల్లీమీటర్ల లెక్కలోవి. ఒకదాని స్పానరు మరొకదానికి పట్టదు. దేశం 1956లోనే మెట్రిక్ కొలతల చట్టం చేసుకున్నా, బులెట్ లోపల బ్రిటిష్ వారి అంగుళం చాలాకాలం కొలువుండిపోయింది.

అయినా ఆ కాలపు యజమానికి ఒక వెసులుబాటు ఉండేది. పోటీ లేదు కాబట్టి మోడల్ మారేది కాదు. మోడల్ మారదు కాబట్టి ఇరవై ఏళ్ల కిందటి బండి సామాను నిన్నటి బండికి, నిన్నటి బండిది పాతదానికి సరిపోయేది. తండ్రి బులెట్‌ను కొడుకు అదే సామానుతో నడిపాడు. బండికీ బండికీ మధ్య లేని మార్పిడి తరానికీ తరానికీ మధ్య ఉండేది. లైసెన్సు రాజ్యం కొనుగోలుదారును ఏళ్ల తరబడి క్యూలో నిలబెట్టింది. దానిని సమర్థించవలసిన పని లేదు. కానీ బండి ఒకసారి చేతికి వచ్చాక దానిని అనాథను చేయలేదన్నది కూడా చరిత్రలో నమోదు కావాలి.

ఇక్కడ రాయ్‌పూర్ భౌగోళిక స్థానాన్ని గుర్తుచేసుకోవాలి. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గాన్ని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1931లో పూర్తి చేసింది. 1933లో విశాఖపట్నం రేవు తెరుచుకుంది. మధ్య పరగణాల సరుకు సముద్రానికి చేరటానికి ఆ రైలూ ఆ రేవూ ఒకే ఆలోచనలో రెండు భాగాలు. రైల్వే కొలువులతో, తరువాత సోవియట్ సహకారంతో నిలిచి 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించిన భిలాయి ఉక్కు కర్మాగారంతో, తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్, దుర్గ్, భిలాయిలలో స్థిరపడ్డాయి. దక్షిణాన బస్తర్‌లో బైలడిలా కొండల ఇనుప రాయిని హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ తవ్వింది. ఆ రాయి కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు దిగి, 1960ల చివరి నుంచి ఓడలెక్కి జపాన్ ఉక్కు మిల్లులకు వెళ్లింది. ఆ ఓడల పరిమాణానికి తగినట్టుగానే 1970లలో విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు.

ఖనిజం అటు వెళ్లింది. ఇటు వచ్చినది ఏమిటి? 1980ల ఆరంభంలో ద్విచక్ర వాహనాలకు విదేశీ సహకారాన్ని ప్రభుత్వం విస్తృతంగా అనుమతించిన తరువాత జపాన్ మోటారు సైకిళ్లు వచ్చాయి. టీవీఎస్‌తో సుజుకి, హీరోతో హోండా, బజాజ్‌తో కవాసాకి, ఎస్కార్ట్స్‌తో యమహా. రాయి పంపి యంత్రం కొనుక్కోవటం వలస పాలన నాటి వ్యాపార పద్ధతి. రాయ్‌పూర్ ఆ మార్గం మధ్యలో ఉండి రెంటినీ చూసింది. నేటికీ ఛత్తీస్‌గఢ్‌లో చెప్పుకోదగ్గ మోటారు సైకిల్ కర్మాగారం లేదు. సిల్తరా, ఉర్లాలలో ఇనుము కరుగుతుంది, భిలాయిలో రైలు పట్టా సాగుతుంది. బండి సామాను మాత్రం హర్యానా, మహారాష్ట్ర, తమిళనాడుల నుంచి రావాలి.

ఆ జపాన్ తరంలో మొదటి నిజమైన వేగపు బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350 నమూనా మీద ఎస్కార్ట్స్ 1983లో దించింది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, 347 సీసీ, ముందు మాత్రం డిస్కుకు బదులు డ్రమ్ము బ్రేకు. పెట్రోలు దాహం, సామాను ఖరీదు, సామాన్యుడి జేబు, ఈ మూడూ కుదరక ఆ దశాబ్దం ముగిసేసరికి దాని ఉత్పత్తి ముగిసింది. బండి పోయింది గానీ అభిమానులు పోలేదు. చింత చచ్చినా పులుపు చావలేదు.

సామాను వేటలో భారతదేశానికి అసలైన బడి ఆ బండే. దాని సిలిండరు బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. అవే అంకెలు యమహా తరువాతి ఆర్‌డీ 350 ఎల్‌సీలో ఉన్నాయి, అమెరికాలో రెండు దశాబ్దాల పాటు అమ్ముడైన బాన్షీ అనే నాలుగు చక్రాల బండిలోనూ ఉన్నాయి. ఇవి నీటితో చల్లబడేవి, మనది గాలితో చల్లబడేది. కాబట్టి ముక్కకు ముక్క అతకదు. కానీ చుట్టరికం ఉందని అంకెలు చెప్పాయి, ఆ దారి పట్టుకుని యజమానులు ప్రపంచమంతా వెతికారు. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100 ఇదే పాఠాన్ని చౌకగా నేర్పింది. దాని బోరు 50, స్ట్రోకు 50. తరువాత వచ్చిన 135 బోరు 58, స్ట్రోకు అదే 50. కడుపు పెరిగింది గానీ నడక మారలేదు. 135 అయిదు గేర్ల పెట్టెను నాలుగు గేర్ల 100లోకి ఎక్కించటం దేశమంతటా మెకానిక్కులకు వచ్చిన విద్య అయింది.

బోరు, స్ట్రోకు ఇంజనుకు గోత్రం వంటివి. ట్యాంకు మీద రాసిన పేరు ఇంటిపేరు మాత్రమే. ఇంటిపేరు వేరైనా గోత్రం ఒకటైన బండ్లు ఎన్నో. అయితే గోత్రం ఒక్కటే చూసి సంబంధం తేల్చుకోలేం. హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ స్ట్రోకు 49.5. అదే కంపెనీ 1999లో తెచ్చిన సీబీజెడ్ స్ట్రోకూ 49.5. కానీ మొదటిది అడ్డంగా పడుకున్న చిన్న ఇంజను, రెండవది నిలువుగా నిలిచిన 156.8 సీసీ ఇంజను. ఒకదాని కడుపులోది మరొకదానికి పనికిరాదు. ఒక్క అంకె కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. రెండు అంకెలు కలవాలి, ఆపైన వంశవృక్షం కలవాలి.

కరిజ్మా విషయంలో ఆ రెండూ కలుస్తాయి. హీరో హోండా 2003లో దించిన ఆ బండి 223 సీసీ ఇంజనుకు బోరు 65.5, స్ట్రోకు 66.2. జపాన్‌లో హోండా అమ్మిన ఎఫ్‌టీఆర్ 223కూ, అమెరికాలో మట్టి దారుల కోసం అమ్మిన సీఆర్‌ఎఫ్ 230కూ అవే అంకెలు. మన దగ్గర పందెపు గుర్రంగా అలంకరించిన బండి గుండె, పుట్టుకతో అడవి దారుల్లో ఓపికగా నడిచే గుండె. అందుకే అది ఇరవై ఏళ్ల తరువాత కూడా ఆగలేదు. 2009లో ఇంధన ఇంజెక్షన్‌తో వచ్చిన జెడ్‌ఎంఆర్ కూడా ఆ వంశమే. కాబట్టి పాత కరిజ్మా యజమాని మొదట తట్టవలసిన తలుపు జెడ్‌ఎంఆర్‌ది. ఆ తరువాతే బయటివారిది.

తలుపు ఏదో తెలుసుకోవటానికి కంపెనీయే ఒక సంకేతాన్ని సామాను మీద అచ్చు వేసి ఉంచింది. హోండా పద్ధతిలో విడిభాగం సంఖ్య మూడు ఖండాలుగా ఉంటుంది. మొదటి అయిదు అంకెలు ఆ వస్తువు ఏమిటో చెబుతాయి. 13101 అంటే ఏ బండిలోనైనా పిస్టనే, 22201 అంటే క్లచ్ ప్లేటే. మధ్యనున్న మూడు అక్షరాలు ఆ వస్తువును మొట్టమొదట ఏ మోడల్ కోసం రూపొందించారో చెబుతాయి. చివరి ఖండం మార్పుల వరుస. హీరో హోండా ఇదే పద్ధతిని వారసత్వంగా పొందింది. యమహాలో క్రమం తిరగబడుతుంది, మోడల్ అక్షరాలు ముందు, వస్తువు సంఖ్య తరువాత. కరిజ్మా పుస్తకంలోని ఒక సామానుకు మధ్యన కరిజ్మా అక్షరాలు కాక వేరే మోడల్ అక్షరాలు కనిపించాయంటే, ఆ సామాను పుట్టినిల్లు ఆ వేరే బండి. అది నేటికీ ఉత్పత్తిలో ఉంటే కష్టం తీరినట్టే. అనుభవజ్ఞుడైన మెకానిక్కు గొప్పతనం ఊహలో లేదు, ఈ చదువులో ఉంది. బడికి పెద్దగా వెళ్లని చేతులు విడిభాగాల పుస్తకాన్ని పంచాంగంలా చదవగలగటం మన పట్టణాల్లో గుర్తింపు లేని పాండిత్యం.

ఇంతలో రాజకీయం మళ్లీ తలుపు తట్టింది. 1984లో కుదిరిన హీరో, హోండాల పొత్తు 2010 డిసెంబరులో విడిపోవాలన్న నిర్ణయంతో ముగిసింది. మరుసటి ఏడాది హీరో మోటోకార్ప్ అన్న కొత్త పేరు వచ్చింది. అప్పటికి హోండా తన సొంత భారతీయ కంపెనీని స్థాపించి దశాబ్దం దాటింది. ఆ రెండు ఇళ్లలోనూ ఒకే 149 సీసీ ఇంజను కాపురం చేస్తోంది. హోండా వాకిట్లో దాని పేరు యూనికార్న్. హీరో వాకిట్లో అచీవర్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్, హంక్. బోరు 57.3, స్ట్రోకు 57.8, అందరిదీ ఒకటే. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నాక బంధువులు ఏ ఇంటికి వెళ్లాలో తెలియని స్థితి వినియోగదారుడికి వచ్చింది. ఒక దుకాణం తెర మీద లేనిది, వీధి అవతలి దుకాణం అలమరలో ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట చెప్పరు. చెప్పాలన్న నిబంధన ఏదీ లేదు.

ఒక పొత్తు తెగితే చుట్టరికం మరుగున పడినట్టే, మరో పొత్తు కుదిరితే కొత్త చుట్టరికం పుడుతుంది. బజాజ్ 2007 నుంచి ఆస్ట్రియా కంపెనీ కేటీఎంలో వాటాలు కొన్నది. 2012లో కేటీఎం డ్యూక్ 200, బజాజ్ పల్సర్ 200 ఎన్‌ఎస్ కొద్ది నెలల తేడాతో వచ్చాయి. రెంటి బోరు 72, స్ట్రోకు 49. కింది సగంలో పోలిక ఎక్కువ, పైన తలలు వేరు. డ్యూక్‌కు రెండు క్యామ్‌షాఫ్టులు, పల్సర్‌కు ఒకే క్యామ్‌షాఫ్టు, మూడు స్పార్క్ ప్లగ్గులు. 2008లో మన దేశానికి వచ్చిన యమహా ఆర్ 15 ఇంజను గోత్రం, దానికి ముందే ఇండోనేసియాలో దిగిన వీ-ఇక్సియాన్‌ది. వాటాల బజారులో జరిగిన లావాదేవీ నాలుగైదేళ్లకు రాయ్‌పూర్ వీధిలో ఒక క్లచ్ సెట్టు లభ్యతగా రూపాంతరం చెందుతుంది. ఆర్థిక వార్తల పేజీకీ మెకానిక్కు షెడ్డుకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదు.

ఇవన్నీ కంపెనీల చుట్టరికాలు. వీటికి అతీతంగా, ఏ కంపెనీ సొత్తూ కాని సామాను కొంత ఉంది. చక్రంలోని బాల్ బేరింగు తీసి చూస్తే దాని మీద ఒక సంఖ్య ఉంటుంది. 6203 అని ఉంటే లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయటిది 40, మందం 12. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా అంతే. వాహనం కంపెనీ పెట్టెలో కొన్నా, బేరింగుల దుకాణంలో కొన్నా అదే కొలత. స్పార్క్ ప్లగ్గు మరకూ వ్యాసం, పొడవు, వేడి స్థాయి అన్న మూడు లెక్కలు కలిస్తే చాలు. చైనుకు 428 అంటే లింకు దూరం 12.7 మిల్లీమీటర్లు, 520 అంటే 15.875. చైను రకం మార్చాలంటే ముందూ వెనుకా పళ్ల చక్రాలు రెండూ మారాలి. ప్రమాణమనేది ఇదే. కొలతను బహిరంగం చేసి, తయారీని అందరికీ వదిలేయటం. జెఫర్సన్ చూసిన తుపాకీ ముక్కకు సంపూర్ణమైన వారసుడు సంఖ్య వేసిన ఈ బేరింగే. ఇది అడగవలసినవారిని అనుమతి అడగదు, ఆగిపోయిన మోడల్ అన్న మాట దీనికి వర్తించదు.

సరిపోవటం వేరు, తగటం వేరు. ఈ భేదాన్ని విస్మరిస్తే మూల్యం ప్రాణం. తొలి ఆర్ 15 వెనుక టైరు సన్నగా ఉందని చాలామంది యువకులు అదే రిమ్ముకు మరో బండి వెడల్పు టైరు తొడిగారు. అది ఎక్కుతుంది, గాలి పడుతుంది, చూపుకు బాగుంటుంది. కానీ సన్నని రిమ్ము మీద వెడల్పు టైరు అంచులు లోపలికి ముడుచుకుని మలుపులో పట్టు స్వభావమే మారిపోతుంది. బ్రేకు ప్యాడు ఆకారం కలిసినంత మాత్రాన దాని పదార్థం కలిసినట్టు కాదు. ముందు ఫోర్కు, బ్రేకు మాస్టర్ సిలిండరు, చక్రపు ఇరుసు — వీటిలో ‘దాదాపు’ అనే మాటకు చోటు లేదు. దీనికి తోడు డూప్లికేటు బెడద. అసలు పెట్టెను పోలిన పెట్టెలో నకిలీ ప్యాడు వస్తుంది. కొరత ఎంత ఎక్కువైతే నకిలీకి అంత గిరాకీ. సామాను సరఫరా ఆపినవారే నకిలీల మీద ఆవేదన వ్యక్తం చేయటం తరచూ జరిగే తమాషా.

చట్టం కూడా ఒక గీత గీసింది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన మూల నిర్దేశాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అరిగిన బేరింగు స్థానంలో అదే కొలత బేరింగు వేసినవాడు ఈ గీత దాటడు. ఇంజనునే మార్చేసినవాడు దాటుతాడు. ఈ రెంటి మధ్య విశాలమైన ప్రదేశం ఉంది. అందులో నిలబడిన పౌరుడికి ఏది సమ్మతమో చెప్పే అధికారిక జాబితా ఏదీ చేతిలో లేదు. కంపెనీ చెప్పదు, చట్టం విడమర్చదు, తప్పు జరిగితే బాధ్యత మాత్రం అతనిదే.

మార్కెట్టు తెరిచాక పరిస్థితి మెరుగుపడాలి కదా అని అడగవచ్చు. ఎంపిక మెరుగుపడింది, ఆయువు తగ్గింది. మోడళ్లు వెంట వెంట మారాయి. 2017 ఏప్రిల్‌లో నాలుగో దశ, 2020 ఏప్రిల్‌లో ఆరో దశ కాలుష్య నిబంధనలు వచ్చి, పాత ఇంజనులకు తెర దించాయి. ఊపిరితిత్తుల దృష్టితో చూస్తే ఆ నిబంధనలు అవసరం, సందేహం లేదు. ఆ తెర వెనుక మిగిలిన బండ్ల సామాను సంగతి మాత్రం ఎవరి అజెండాలోనూ లేదు. 2023 ఆగస్టులో కరిజ్మా పేరు మళ్లీ వచ్చింది. కానీ కొత్తది 210 సీసీ, నీటితో చల్లబడే ఇంజను, రెండు క్యామ్‌షాఫ్టులు. పాత కరిజ్మా ఇంజనుకు దాని ఇంజనులో చుట్టం లేడు. ఇక్కడ ఇంటిపేరు ఒకటి, గోత్రం వేరు. పేరును బతికించి వంశాన్ని వదిలేయటం ఈ కాలపు పద్ధతి.

దీనికి తోడు మార్పిడి అనే ప్రక్రియకే అడ్డుగోడ కట్టగల కొత్త సామాను వచ్చింది. ఇంధన ఇంజెక్షను, ఏబీఎస్ వచ్చాక మెదడు పెట్టెలోని సాఫ్ట్‌వేరు అంగీకరిస్తే తప్ప కొన్ని సామాన్లు పనిచేయవు. కొలత కలిసినా సంకేతం కలవాలి. కొలతను స్క్రూ గేజీతో తెలుసుకోవచ్చు. సంకేతాన్ని కంపెనీ కంప్యూటరే చెప్పాలి. లైసెన్సు రాజ్యంలో తరాల మధ్య సామాను మారింది, సరళీకరణ తరువాత పొత్తుల మధ్య మారింది. ఈ మూడో దశలో, మారటానికి అనుమతి కావాలి. లైసెన్సు మళ్లీ వచ్చింది, ఇచ్చేవారు మాత్రం మారారు.

ప్రభుత్వం ఈ విషయాన్ని అసలు గమనించలేదని అనలేం. విడిభాగాలనూ, మరమ్మతు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. అప్పీళ్లలో జరిమానా లెక్క మారింది, వ్యాజ్యం సాగింది. కానీ విడిభాగం లభ్యత పోటీ చట్టానికి సంబంధించిన విషయమన్న సూత్రం నమోదైంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద ఒక కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. ఆ డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ సమాచారాన్ని అందులో పెట్టవచ్చు. పెట్టితీరాలన్న చట్టం ఇంకా రావలసి ఉంది. పోర్టల్‌కూ హక్కుకూ మధ్య ఉన్న తేడా ఇంతే.

ఆ చట్టంలో ఉండవలసినది పెద్ద కోరికేమీ కాదు. ఒక మోడల్ ఆపేసినప్పుడు దాని ప్రతి విడిభాగానికీ ఎదురుగా, అదే సామాను తమ ఏ ఇతర మోడళ్లలో వాడుతున్నారో కంపెనీ ప్రకటించాలి. ఆ జాబితా కంపెనీ కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది, లేకపోతే వారి గిడ్డంగులు ఒక్క రోజు నడవవు. బ్రేకులు, చక్రాలు, సస్పెన్షన్ వంటి ప్రాణానికి సంబంధించిన సామానుకు ఏది సరిపోదో కూడా అందులోనే చెప్పాలి. దీనికి కొత్త అచ్చులు అవసరం లేదు, కొత్త కర్మాగారం అవసరం లేదు. రహస్యాన్ని వదులుకోవటం ఒక్కటే ఖర్చు. ఆ ఒక్క కాగితం మెకానిక్కును నేరస్థుడి అంచు నుంచి వృత్తి నిపుణుడి స్థానానికి తెస్తుంది, నకిలీ పెట్టెకు గిరాకీ తగ్గిస్తుంది, ఇంకా పదేళ్లు నడవగల బండిని తుక్కు కాకుండా ఆపుతుంది.

2023 అక్టోబరు 3న బస్తర్‌లోని నగర్నార్‌లో ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. కొండ రాయి అక్కడే ఉక్కు కావాలన్న కోరిక అలా కొంత తీరింది. ఉక్కు చేయటం సార్వభౌమత్వంలో సగం. ఆ ఉక్కుతో చేసిన వస్తువు విరిగితే బాగు చేసుకోగలగటం మిగతా సగం. మొదటి సగానికి ప్రారంభోత్సవాలు ఉంటాయి, శిలాఫలకాలు ఉంటాయి. రెండవ సగం రాయ్‌పూర్‌లో ఏదో ఒక షెడ్డులో, విప్పిన క్లచ్ పక్కన, మసి చేతుల మధ్య ఒక సంఖ్యను వెలుతురులోకి వంచి చదువుకుంటూ జరుగుతుంది. ఆ సంఖ్యకు అర్థం చెప్పే కాగితం ఆ చేతికి అందించటమే ఇప్పుడు మిగిలిన పని.